వెళ్ళొస్తానన్న దొర

నెత్తురు తాగే దొరతో నేను తొమ్మిదేళ్ళు వేగాను. మా ఆయనతో కాపురానికి పద్దెనిమిదేళ్ళు నిండాయి గానీ ఆయన కూడా నన్ను ఇంతగా పీల్చలేదు. ఈ మాట ఆయన ముందే అంటుంటాను. నవ్వి ఊరుకుంటారు.

కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు దొరసాని. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను, హాజరు పిలుస్తుంటే వెనక బెంచీల్లోంచి ఆ మాట వినిపించినా తలెత్తకుండా తర్వాతి నంబరు పిలవడం అలవాటైంది. కోప్పడాలన్నా ఒంట్లో కాస్త నెత్తురుండాలి కదా.

నా పరిశోధన దేని మీద అని ఎవరైనా అడిగితే పూర్తి పేరు చెప్పడం ఎప్పుడో మానేశాను. అది ఒకటిన్నర లైనుంటుంది, చివరికి వచ్చేసరికి అడిగినవాళ్ళు గడియారం చూసుకుంటారు. సంగతి మాత్రం చిన్నదే. ఎప్పుడో ముత్తాతల కాలంలో పరాయి భాషలో ఒక నవల వచ్చింది. అందులో ఒక దొర, చచ్చీ చావనివాడు, జనం మెడల మీద పడి నెత్తురు తాగి బతుకుతాడు. ఆ నవల మన భాషలోకి ఎలా వచ్చింది, వచ్చాక మన సినిమాలు, సీరియళ్ళు, పిల్లల బొమ్మల పుస్తకాలు ఆ దొరని ఏం చేసుకున్నాయి అన్నది నేను తేల్చాలి. చివరికి దోమల మందు ప్రకటన కూడా ఒకటుంది, నల్ల కోటు వేసుకున్న దోమ కిటికీలోంచి తొంగి చూస్తుంది. దాని మీద మూడు పేజీలు రాశాను. రాసినదాన్ని నేనే, నవ్వకండి.

కాలేజీలో నాది పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా సెలవులయ్యాక కాగితం మళ్ళీ వస్తుందో రాదో అని గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి. మా విభాగంలో పర్మనెంటు పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి డాక్టరేటు తప్పనిసరి. నాకిచ్చిన మూడో పొడిగింపు ఆ నెలాఖరు శుక్రవారం సాయంత్రం అయిదింటితో సరి. ఆలోగా థీసిస్ ఇస్తే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరు. నాకప్పటికి నలభై ఆరు. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టే వయసు కాదు.

మా ఇంట్లో టీవీ ఉండేది అత్తయ్య గదిలో. అందుకని ఆ దొర సినిమాలు, సీరియళ్ళు అన్నీ కలిపి అరవై ఒకటి, నేను ఆవిడ మంచం మీద కూర్చునే చూశాను. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలెట్టేవాళ్ళం. ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో రిమోటు, పక్కన అత్తయ్య. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ బయటికి కదలడం తగ్గిపోయింది కాబట్టి ఆవిడకీ కాలక్షేపమే. కానీ నోరు ఊరుకోదు.

"అద్దంలో కనపడడంటున్నావు, మరి ఆ పాపిడి అంత తిన్నగా ఎలా తీసుకున్నాడే?" అనేది.

"ఏమో అత్తయ్యా, సినిమాలో అడగకూడదు."

"పగలంతా పెట్టెలో పడుకుంటే నడుం పట్టెయ్యదూ? నా పరుపు మీద పడుకుంటేనే నాకు పట్టేస్తోంది."

ఇలాంటివి వింటూ నేను నోట్సు రాసుకునేదాన్ని. నిజం చెప్పాలంటే వినేదాన్ని కాదు. ఊఁ కొట్టేదాన్ని.

అత్తయ్య చదువు హైస్కూలు దాటలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. చెవికి రిసీవరు తగిలించుకుని, ఎదురుగా రంధ్రాల బోర్డులో ప్లగ్గులు గుచ్చుతూ పీకుతూ ఎంత జనాన్ని కలిపిందో ఎంత జనాన్ని విడదీసిందో లెక్క లేదు. ఆవిడకి ఆస్తి అంటూ ఏదైనా ఉందంటే అది ఆ చెవే. మా ఆడపడుచు ఫోనులో హలో అనగానే "గొంతు నొప్పా?" అంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని ఎవరొస్తున్నారో చెప్పేస్తుంది. మా ఆయన ఆవిడ ముందు చిన్న అబద్ధం కూడా ఆడరు. ఆడినా గొంతులో దొరికిపోతానని ఆయన భయం.

ఇక నా థీసిస్‌కి ప్రాణం నాలుగో అధ్యాయం. మూల నవలలో ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు నోరు తెరిచి రమ్మని పిలిస్తే తప్ప దొర గడప దాటలేడు. ఎంత బలం ఉన్నా, ఎంత ఆకలి ఉన్నా బయటే నిలబడాలి. అందుకే అందులో ఒకమ్మాయి కిటికీ తెరిచి, తెలియక, లోపలికి రమ్మంటుంది. మన భాషలోకి ఆ నవలని తెచ్చింది ఒక పోస్టుమాస్టరు. ఒక వారపత్రికలో ఏడాది పాటు రాశాడు. ఆయన అనువాదంలో ఆ కిటికీ సన్నివేశం లేదు. ఎగిరిపోయింది. ఆ తర్వాత వచ్చిన సినిమాల్లోనూ లేదు. దాన్ని పట్టుకుని నేను నలభై ఎనిమిది పేజీలు రాశాను. పిలవకపోయినా ఇంట్లోకి వచ్చేవాళ్ళు మనకి మామూలే కాబట్టి, పిలుపు కోసం ఆగే దెయ్యం మన ఊహకి అందలేదనీ, అందుకే ఆ నియమం మన దగ్గర పూర్తిగా చచ్చిపోయిందనీ నా సిద్ధాంతం. మా గైడు మేడమ్ అది చదివి, "ఇదే మీ థీసిస్‌కి వెన్నెముక" అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆ చివరి వారం సోమవారం నాకు సెలవు. అనుబంధంలో వెయ్యడానికి మొట్టమొదటి సినిమాలోంచి ఒక బొమ్మ కావలసి వచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ పెట్టాను. నలుపు తెలుపు సినిమా. మేడ ముందు గేటు. దొర గేటు బయట నిలబడి ఆ ఇంటి అమ్మాయితో వానల గురించి, గులాబీల గురించి ఏదో మాట్లాడి, టోపీ తీసి వెళ్ళిపోతాడు. తర్వాతి సీనులో ఆ అమ్మాయి గదిలో ఉంటాడు.

"ఇక్కడే అత్తయ్యా," అన్నాను, అలవాటుగా. "ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చేశాడు. దీని మీదే నా పుస్తకమంతా."

"పిలవలేదంటావేమిటే? ఇప్పుడేగా పిలిచింది."

"ఎవరు?"

"ఆ పిల్ల. గేటు దగ్గర. అతను వెళ్ళొస్తానన్నాడు. ఆ పిల్ల, మంచిది, రండి అంది."

నాకు నవ్వొచ్చింది. "అది వీడ్కోలు అత్తయ్యా."

"మనకి వీడ్కోలు. వాడికి కాదుగా. వాడు ఆ మాట కోసమే నిలబడ్డాడు. కావాలంటే వెనక్కి తిప్పి చూడు, ఆ పిల్ల రండి అనేదాకా అడుగు తియ్యలేదు."

వెనక్కి తిప్పాను. దొర వెళ్ళొస్తానంటాడు. ఆగుతాడు. అమ్మాయి పువ్వుల వైపు చూస్తూ, పరధ్యానంగా, మంచిది, రండి, అంటుంది. దొర పెదవి ఒక పక్కకి కదులుతుంది. అప్పుడు టోపీ పెట్టుకుని వెనక్కి తిరుగుతాడు. ఆ సినిమా నేను అంతకు ముందు ఐదుసార్లు చూశాను. ఆ ఆగడాన్ని ఆ కాలపు నటుల నాటకాల అలవాటని రాసుకున్నాను.

"మా ఎక్స్ఛేంజిలో," అంటూ అత్తయ్య తీరిగ్గా కాళ్ళు చాపుకుంది, "మాటలు వినకూడదని రూలు. కానీ చివరి మాట వినకపోతే లైను ఎప్పుడు తియ్యాలో ఎలా తెలుస్తుంది? మనవాళ్ళెవరూ వెళ్తానని అనరు. ఎదురుగా ఉంటే వస్తానంటారు, ఫోనులో అయితే ఉంటానంటారు. వేరే భాష అమ్మాయి ఒకతి కొత్తగా చేరింది. ఉంటాను అంటే లైన్లో ఉంటారు కాబోలు అనుకుని ప్లగ్గు తీసేది కాదు. రోజంతా లైన్లన్నీ అలాగే పట్టుకుని కూర్చుంది పాపం. సూపర్‌వైజరు వచ్చి తలబాదుకున్నాడు. ఆ పిల్ల తప్పేముంది? మాటకి ఉన్న అర్థమే తీసుకుంది. ఈ దొరా అంతే, పరాయి దేశం నుంచి వచ్చినవాడు. రండి అంటే రమ్మన్నారనుకున్నాడు."

నేను లేచి నా గదిలోకి వెళ్ళి పోస్టుమాస్టరు గారి అనువాదం జిరాక్సు తీశాను. గేటు దగ్గర సంభాషణ మూల నవలలో లేదు, అది ఆయన కల్పించి పెట్టింది. ఆ సంగతి నాకు తెలుసు. "వెళ్ళివస్తానన్నాడు దొర. మంచిది, రండి, అన్నదామె. దొర మొగము విప్పారినది." ఆ చివరి వాక్యం పక్కన మార్జిన్లో నా చేతిరాతే ఉంది. అనవసర వర్ణన, అని.

కిటికీ సన్నివేశం ఎగిరిపోలేదు. ఆ మహానుభావుడు దాన్ని తీసుకొచ్చి మన నోళ్ళలో రోజూ తిరిగే మాటలో దాచాడు. మనం మర్యాదకి అనే మాటే దెయ్యానికి అనుమతి. సాయంత్రం దాకా తొమ్మిది సినిమాలు తిప్పి చూశాను. వాటిలో ఏడు సినిమాల్లో ఆ మాట ఉంది. ఒక సీరియల్లో ఇంటావిడ ఒళ్ళు మండి, "ఇంక మీరు రాకండి" అని మొహాన చెబుతుంది. ఆ తర్వాత నలభై భాగాలు విలన్ ఆ ఇంట్లో అడుగు పెట్టడు. నటుడికి డేట్లు కుదరక కథని సాగదీశారని నేను రాశాను. ఫుట్‌నోటు కూడా పెట్టాను.

నియమం చచ్చిపోలేదు. మనకి ఎంతగా ఒంటబట్టిందంటే, చదువుకున్న నాకు కనపడలేదు, చెవి ఉన్న అత్తయ్యకి వినపడింది. ఆనందించాల్సిన విషయమే. ఇంకో రెండేళ్ళ ముందైతే ఎగిరి గంతేసేదాన్ని. ఆ సోమవారం మాత్రం ఆ కాగితాలు పట్టుకుని మంచం మీద కూలబడి, ఎందుకు చెప్పింది ఈవిడ, అనుకున్నాను. అంత నీచంగానూ అనుకున్నాను.

మంగళవారం గైడు మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నాకంటే మూడేళ్ళు చిన్న. బల్ల మీద పదకొండు మంది పరిశోధకుల కట్టలు, కట్టల మధ్య ఒక టీ కప్పు, కప్పులో ఎప్పటిదో టీ. అంతా విన్నారు. కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు.

"ఎంత బాగుందండీ," అన్నారు. "ఇది ఎవరు కనిపెట్టారు, మీరేనా?"

"మా అత్తగారు."

మేడమ్ నవ్వారు, చెడ్డ నవ్వు కాదు. "బాగుంది గానీ ఇప్పుడు కుదరదు. నాలుగో అధ్యాయం మారిస్తే మొదటిది మారాలి, అయిదోది మారాలి, ముగింపు మారాలి. బైండింగుకే ఒక రోజు కావాలి. మీ చేతిలో ఉన్నది రెండు రోజులు. ఇంకో పొడిగింపు ఎవరూ ఇవ్వరు, నేను అడగలేను కూడా. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యండి. తర్వాత దీన్ని వేరే వ్యాసంగా రాసుకుందురు గాని."

"తప్పని తెలిసీ ఇవ్వడమా మేడమ్?"

"ఎవరు చదువుతారండీ," అన్నారు మేడమ్. ఆ మాట ఆవిడ తన గురించే అన్నట్టు వినిపించింది నాకు. ఆవిడ థీసిస్ కూడా ఆ గదిలోనే, బీరువా పైన, ఒక పక్కకి ఒరిగి ఉంది.

థీసిస్‌లు తీసుకునే సెక్షన్‌లో అడిగాను. గుమాస్తా తలెత్తకుండా, "అయిదంటే అయిదేనమ్మా, అయిదూ ఒకటి కాదు" అన్నాడు.

బుధవారం ప్రయత్నించాను. ప్రయత్నించలేదని ఎవరూ అనడానికి లేదు. పొద్దున్న మూడు క్లాసులు చెప్పి, దిద్దాల్సిన నూట ఇరవై జవాబు పత్రాల కట్ట బల్ల కిందికి తోసి, మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో కూర్చున్నాను. నాలుగు పేజీలు రాశాను. ఆ నాలుగూ బాగున్నాయి. తొమ్మిదేళ్ళలో రాసినవాటిలో బాగున్నవి అవే. అప్పుడు లెక్క చూసుకున్నాను. అరవై ఒకటిలో ఇంకా యాభై రెండు మళ్ళీ చూడాలి. ప్రతిదాంట్లో ఎవరు ఎవరికి ఏమని చెప్పి వెళ్ళారో రాసుకోవాలి. పాత అధ్యాయంలో ఏ వాక్యం నిలుస్తుందో ఏది పడిపోతుందో చూడాలి. వేళ్ళు కీబోర్డు మీద ఉండగానే తల బల్ల మీదికి వాలిపోయింది. ఎంతసేపు పడుకున్నానో తెలియదు, ప్యూను వచ్చి గదికి తాళం వెయ్యాలి మేడమ్ అంటే లేచాను. చెంప మీద స్పేస్‌బారు అచ్చు పడి ఉంది.

నాకు ఓపిక లేదు. ఇదే అసలు సంగతి. భయమూ కాదు, దురాశా కాదు, అవి ఉన్నవాళ్ళు కాస్త చురుగ్గా ఉంటారు. నాకు ఓపిక లేదు, అంతే. గురువారం పొద్దున్న పాత కట్ట తీసుకెళ్ళి బైండింగుకి ఇచ్చాను. శుక్రవారం నాలుగు ముప్పావుకి గుమాస్తా దాని మీద ముద్ర కొట్టాడు.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగింది. "ఇచ్చేశావా? నేను చెప్పింది పెట్టావా?"

"ఇచ్చేశానత్తయ్యా. తలనొప్పిగా ఉంది, పడుకుంటాను."

రెండో ప్రశ్నకి జవాబు చెప్పలేదని ఆవిడ పట్టుకోవాల్సింది. అంత చెవి ఉండి కూడా ఆ రోజు పట్టుకోలేదు. సంతోషంలో ఉంది. ఆదివారం నేను బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ దగ్గర నిలబడి పక్కింటావిడతో చెబుతోంది. "మా కోడలి పుస్తకంలో ఒక సంగతి నాదేనమ్మా. పెద్ద చదువుల వాళ్ళకి ఎవరికీ తోచలేదట." పక్కింటావిడ ముక్కున వేలేసుకుంది. నేను తడి దుప్పటి వెనక అలాగే నిలబడ్డాను. ఆవిడ జీవితంలో తన మాట ఏదైనా పుస్తకంలోకి ఎక్కిందని చెప్పుకోవడం అదే మొదలు. లోపలికి వెళ్ళాక నిజం చెబుదామనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. నాలుగు నెలలు అలా అనుకుంటూనే గడిచాయి.

వైవాకి తేదీ వచ్చింది. ఆ తర్వాతి నెలలోనే పోస్టుకి ఇంటర్వ్యూ. వైవాకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని మా ఆయన నోరు జారారు. ఇంకేముంది, నేనూ వస్తానని అత్తయ్య పట్టు పట్టింది.

"మెట్లెక్కాలమ్మా, నీవల్ల కాదు," అన్నారు ఆయన.

"రైలింగు ఉంటుందిగా," అంది ఆవిడ.

రెండో అంతస్తులో సెమినారు హాలు. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, ఊపిరి పీల్చుకుని ఎక్కింది. చివరి వరసలో కుర్చీ చూపించాను. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది, డ్యూటీలో కూర్చున్నట్టు.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దాయన. ఆయన థీసిస్ తెరిచాడు. పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టి ఉన్నాయి. చదివాడు. ఎవరు చదువుతారండీ అన్న మేడమ్ నా పక్కన సర్దుకుని కూర్చున్నారు.

దోమల మందు గురించి అడిగి నవ్వాడు. బొమ్మల పుస్తకాల గురించి అడిగాడు. తర్వాత నాలుగో అధ్యాయం దగ్గర ఆగాడు.

"పోస్టుమాస్టరు గారి అనువాదంలో కిటికీ సన్నివేశం లేదు, నిజమే. నేనూ చూశాను. కానీ అమ్మా, ఆ పిలుపు ఇంకో రూపంలో ఇంకెక్కడైనా ఉందేమో వెతికారా?"

ఉందని ఒక్క మాట చెబితే చాలు. చెబితే, అయితే మార్చి తీసుకురండి అంటారు. ఆరు నెలలు. ఈలోగా పోస్టు ఇంకెవరిదో అవుతుంది, నేను మళ్ళీ గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి. మేడమ్ బల్ల కింద తన వేళ్ళు నులుముకుంటున్నారు. చివరి వరసలో అత్తయ్య కొంచెం ముందుకి వంగింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. తన మాట ఇప్పుడు వస్తుందని ఎదురు చూస్తోంది.

"వెతికాను సార్," అన్నాను. "ఎక్కడా లేదు."

"ఏ రూపంలోనూ?"

"లేదు సార్. ఆ నియమం మన దగ్గర పూర్తిగా పోయింది."

ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, సరే, అని పేజీ తిప్పాడు. ఇంకో పావుగంటకి అందరూ లేచి చేతులు కలిపారు. మేడమ్ నన్ను కావలించుకుని, "అయిపోయిందండీ, ఇంటికెళ్ళి పడుకోండి" అన్నారు. తొమ్మిదేళ్ళకి నాకు దక్కిన బిరుదు కన్నా ఆ పడుకోండి అన్న మాటే తియ్యగా వినిపించింది.

మా ఆయన అటునుంచే ఆఫీసుకి వెళ్ళిపోయారు. నేనూ అత్తయ్యా బస్సెక్కాం. కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాను. నాలుగు స్టాపులు దాటేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

"నేనే తప్పు విన్నానన్నమాట," అంది చివరికి.

నేను బస్సు టిక్కెట్లు మడతపెడుతున్నాను.

"అంత పెద్దాయన రెండుసార్లు అడిగాడు. నువ్వు రెండుసార్లూ లేదన్నావు. అన్నీ మళ్ళీ చూసే ఉంటావు." చెవి తమ్మెని వేళ్ళతో సవరించుకుంది. "వయసు మీద పడింది. చెవి పోతోంది కాబోలు. నాకే తెలియట్లేదు."

ఇంకేం అన్నా ఓర్చుకునేదాన్ని. నన్ను తిట్టినా పడేదాన్ని.

"మీరు సరిగ్గానే విన్నారత్తయ్యా. లేదన్నది అబద్ధం."

ఆవిడ నావైపు తిరిగింది. "మరి?"

"మార్చి రాయడానికి ఓపిక లేకపోయింది. ఇవాళ ఉందంటే ఉద్యోగం పోతుంది." అంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాను. లేదు.

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. తన సంచీ తాళ్ళు మెలిపెడుతూ, విప్పుతూ కూర్చుంది. "నన్నడిగితే నేను చూసి పెట్టేదాన్ని కదే," అంది. "పగలంతా ఊరికే కూర్చునేదాన్నేగా. ఎవరు ఏమని వెళ్ళారో ఒక కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని."

యాభై రెండు సినిమాలు, రెండు రోజులు, అన్నీ ఆవిడ వల్ల అయ్యేవో కాదో తెలియదు. కొన్ని అయ్యేవి. ఆవిడ మంచం మీద కూర్చుని, ఆవిడ టీవీలో, ఆవిడ మాటలకి ఊఁ కొడుతూ అన్నేళ్ళు గడిపానే, ఆ రెండు రోజుల్లో సాయం పట్టమని ఆవిడని అడగాలని నాకు తోచనే లేదు. నాకు ఏడుపొచ్చింది. బస్సులో జనం చూస్తున్నారని పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్తయ్య నా మోకాలి మీద చెయ్యి వేసింది, తియ్యలేదు.

మేం ఇంటి ముందు దిగేసరికి పక్కింటావిడ గేటు దగ్గరే ఉంది. మా కోసమే కాచుకుని ఉన్నట్టుంది.

"ఏమైందండీ? డాక్టరయిపోయారా?" అని నన్నడిగి, నేను తల ఊపేలోపే అత్తయ్య వైపు తిరిగింది. "మీరు కనిపెట్టిన సంగతి చదివారా అక్కడ? ఏమన్నారు?"

అత్తయ్య గేటు పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. నా వైపు చూడలేదు.

"అది కాదటమ్మా," అంది. "నేనే సరిగ్గా వినలేదు. ముసలి చెవులు."

అయ్యో పోనీలెండి, అంది పక్కింటావిడ. నేను పక్కనే ఉన్నాను, చేతిలో ఆవిడ సంచీ పట్టుకుని. కాదని నేను చెప్పాల్సిన చోటు అదే. అత్తయ్య చెప్పులు విడిచి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. నేనూ ఆవిడ వెనకే వెళ్ళిపోయాను.